కయ్యానికీ సమవుజ్జీ కావాలి: ఫుట్‌బాల్ వైరాలు, జాకర్తా జ్ఞాపకం

నాలుగేళ్లకొకసారి ప్రపంచ కప్ ఫుట్‌బాల్ పోటీలు రాగానే మన ఊళ్లలో కూడ రాత్రులు మేలుకొనేవారు ఎక్కువవుతారు. కొందరిది బ్రెజిల్ పక్షం, కొందరిది అర్జెంటీనా పక్షం. ఆ దేశాలను కన్నులారా చూచినవారు వీరిలో ఒక్కరైనా ఉండకపోవచ్చు. అయినా పేలే గొప్పవాడా, మరడోనా గొప్పవాడా, మెస్సీ ఆ ఇద్దరినీ మించినాడా అన్న వాదన మొదలైతే తెల్లవారేదాక తెగదు. అన్నదమ్ములు ఎదురెదురు పక్షాల్లో కూర్చుంటారు. ఓడిన పక్షంవాడు మరునాడు టీ దుకాణం వైపు వెళ్లడానికి వెనుకాడుతాడు.

ఇంతకీ ఈ వైరాలు ఎట్లా పుడుతున్నాయి? కొన్ని తరతరాలు ఎందుకు నిలుస్తున్నాయి? కొన్ని ఎందుకు ఆరిపోతున్నాయి? మన దేశానికీ అటువంటి వైరం ఒకటి ఉండేదని, అందులో హైదరాబాదు, సికింద్రాబాదుల ఆటగాళ్లు ప్రధాన పాత్ర వహించారని నేటి అభిమానులలో ఎందరికి తెలుసు? ఈ ప్రశ్నలను కొంచెం నిదానంగా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వైరానికి మూడు మూలాలు

దేశాల మధ్య ఫుట్‌బాల్ వైరాలను పరిశీలిస్తే వాటికి సాధారణంగా మూడు మూలాలు కనిపిస్తాయి. మొదటిది, మానని ఒక ఓటమి. రెండవది, మైదానం వెలుపల జరిగిన ఏదో ఒక సంఘటన. మూడవది, ఆ జ్ఞాపకమంతా తన మీద మోయగల ఒక ఆటగాడు.

మొదటిదానికి బ్రెజిల్, ఉరుగ్వేల కథ చక్కని ఉదాహరణ. 1950 జులై 16న రియో డి జనీరో నగరంలోని మరకానా స్టేడియంలో ఆ రెండు జట్లు తలపడ్డాయి. బ్రెజిల్‌కు ఆట సమంగా ముగిసినా చాలు, కప్పు దక్కేది. రెండు లక్షలకు చేరువగా జనం కూడారు. బ్రెజిల్ మొదటి గోల్ చేసింది కూడ. కాని ఉరుగ్వే స్కియాఫినో గోల్‌తో సమం చేసి, గిగ్గియా గోల్‌తో 2–1 తేడాతో గెలిచింది. ఆ రెండవ గోల్‌ను ఆపలేకపోయిన గోల్‌కీపర్ బార్బోసాను దేశం ఆయన చనిపోయేదాక క్షమించలేదు. ఆనాడు తొమ్మిదేళ్ల బాలుడొకడు తండ్రి కన్నీరు చూచి, నీకోసం నేను ప్రపంచ కప్ తెస్తానని మాట ఇచ్చినట్లు పెద్దయ్యాక చెప్పుకొన్నాడు. అతడే పేలే. 1958లో, పదిహేడవ ఏట, ఆ మాట నిలుపుకొన్నాడు.

రెండవ మూలానికి అర్జెంటీనా, ఇంగ్లండు వైరం ఉదాహరణ. 1966లో వెంబ్లీలో జరిగిన క్వార్టర్ ఫైనల్‌లో అర్జెంటీనా కెప్టెన్ రట్టిన్‌ను రెఫరీ బయటకు పంపడంతో మొదటి నిప్పు పడింది. 1982లో మాల్వినాస్ దీవుల కోసం, ఇంగ్లీషువారి మాటలో ఫాక్‌లాండ్ దీవుల కోసం, జరిగిన యుద్ధం ఆ నిప్పును మంట చేసింది. అందులో 649 మంది అర్జెంటీనావారు, 255 మంది బ్రిటిషువారు చనిపోయారు. నాలుగేళ్ల తరువాత, 1986 జూన్ 22న, మెక్సికో నగరంలోని అజ్టెకా స్టేడియంలో ఆ రెండు జట్లూ మళ్లీ ఎదురైనప్పుడు అది కేవలం ఆట అని ఎవరు అనగలరు? మరడోనా మొదటి గోల్ చేతితో చేశాడు. నాలుగు నిమిషాల తరువాత సగం మైదానం దాటుకొంటూ ఒక్కొక్కరినే తప్పించి రెండవది చేశాడు. ఒకే మనిషి, ఒకే ఆటలో, ఒకే ప్రత్యర్థి మీద మోసమూ మహిమా రెండూ చూపినాడు. ఇంగ్లండు అభిమాని మొదటిది మరువలేడు. అర్జెంటీనా అభిమాని రెండవది మరువలేడు. ఇదే మూడవ మూలం. రెండు దేశాల జ్ఞాపకం ఒక్క మనిషి మీద నిలిచింది.

ఈ మూడింటికీ ఆధారమైన షరతు మరొకటి ఉన్నది. వియ్యానికైనా కయ్యానికైనా సమవుజ్జీ ఉండాలన్నారు మన పెద్దలు. ప్రత్యర్థి మనతో సరితూగేవాడైనప్పుడే వైరం నిలుస్తుంది. ఎప్పుడూ గెలిచేవాడికి ఎప్పుడూ ఓడేవాడి మీద వైరం ఉండదు, జాలి మాత్రమే ఉంటుంది. ఈ సంగతి మన దేశపు కథలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

హైదరాబాదు బడిపంతులు

స్వాతంత్ర్యం వచ్చిన తొలి రెండు దశాబ్దాల్లో భారత ఫుట్‌బాల్ జట్టు ఆసియాలో లెక్కించదగిన జట్టు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల ఫైనల్‌లో ఇరాన్‌ను 1–0తో ఓడించి స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో మాత్రం యుగోస్లావియా చేతిలో 1–10తో చిత్తయింది. మనవారిలో పలువురు అప్పటికింకా ఉత్తకాళ్లతోనే ఆడేవారు. ఆ పరాభవం తరువాతనే బూట్లు తప్పనిసరి అయినాయి.

ఈ జట్టును తీర్చిదిద్దినవాడు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టిన ఈయన వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. అందుకే అందరూ ‘రహీం సాబ్’ అని గౌరవంగా పిలిచేవారు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుండి 1954 దాకా వరుసగా ఐదేళ్లు గెలిచింది. కలకత్తా పెద్ద జట్లు కూడ పోలీసు జట్టు పేరు వింటే జాగ్రత్త పడేవి. ఆటగాళ్లకు రెండు కాళ్లూ సమంగా పనిచేయాలని, బలహీనమైన కాలితోనే ఆడవలెనన్న నియమంతో ఆయన ప్రత్యేకంగా పోటీలు పెట్టించేవారు. బంతిని ఒక్కరే అంటిపెట్టుకోకుండ వెంటనే అందించడం నేర్పేవారు.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఈ శిక్షణ ఫలితం కనిపించింది. ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను భారత్ 4–2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. సెమీఫైనల్‌లో యుగోస్లావియా చేతిలో, మూడవ స్థానపు ఆటలో బల్గేరియా చేతిలో ఓడి నాలుగవ స్థానంతో తిరిగివచ్చింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు మనదే.

ఆ జట్టులో యువకుడైన తులసీదాస్ బలరాం ఉన్నాడు. సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టినవాడు. పోలీసులు పారవేసిన పాత బూట్ల తోలుతో తన మొదటి ఫుట్‌బాల్ బూట్లు కుట్టించుకొన్నానని ఆయన తరువాత చెప్పుకొనేవారు. తల్లిభాష ఒకటి, పుట్టిన నేల మాట మరొకటి, బ్రదుకుతెరువు కలకత్తాలో. సరిహద్దు జిల్లాల్లో పెరిగిన మనవంటి వారికి ఈ జీవితం కొత్తగా తోచదు. బెంగాల్‌కు చెందిన చునీ గోస్వామి, పి.కె. బెనర్జీలతో ఆయన కలిసిన ముందు వరుసను నేటికీ భారత ఫుట్‌బాల్‌లో సాటిలేని త్రయంగా చెప్పుకొంటారు.

దక్షిణ కొరియా ఎవరు?

ఆ కాలంలో ఆసియాలో బలమైన జట్టు దక్షిణ కొరియా. 1956లోను, 1960లోను ఆసియా కప్ గెలిచింది. అయితే ఆ జట్టు కూడ దెబ్బలు తిని ఎదిగినదే. 1954లో తొలిసారి ప్రపంచ కప్‌కు వెళ్లినప్పుడు హంగరీ చేతిలో 0–9, టర్కీ చేతిలో 0–7 తేడాతో ఓడింది. యుద్ధంతో దేశం చితికిపోయి అప్పటికి ఏడాదే అయింది. అంటే హెల్సింకిలో మనం చూచినదే వారు స్విట్జర్లాండులో చూచారు. 1950ల నడుమ ఈ రెండు జట్లూ ఇంచుమించు ఒకే మెట్టు మీద ఉన్నాయన్న సంగతి పాఠకులు గుర్తుంచుకోవలెను.

1958లో టోక్యో ఆసియా క్రీడల సెమీఫైనల్‌లో కొరియా మనను 3–1తో ఓడించింది. 1962లో జాకర్తా క్రీడలకు వచ్చేసరికి మొదటి ఆటలోనే మళ్లీ కొరియా ఎదురైంది. మళ్లీ 0–2తో ఓటమి. ఇది మానని పుండు. పైన చెప్పిన మొదటి మూలం ఇక్కడ ఏర్పడింది.

తరువాత జట్టు నిలదొక్కుకొన్నది. తాయ్‌లాండును 4–1తో, జపాన్‌ను 2–0తో ఓడించి సెమీఫైనల్ చేరింది. తాయ్‌లాండుతో ఆడినప్పుడు రక్షణ వరుసలో కొండవలె నిలిచే జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. అటువంటివాడిని రహీం ఇంటికి పంపలేదు, వెనుక వరుసలోనూ నిలపలేదు. సెమీఫైనల్‌లో సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు తెచ్చారు. కట్టుకట్టిన తలతోనే జర్నైల్ ఒక గోల్ చేశాడు. గోస్వామి రెండు చేశాడు. దక్షిణ వియత్నాంను 3–2తో దాటి భారత్ ఫైనల్ చేరింది. అక్కడ ఎదురుచూస్తున్నది మళ్లీ కొరియాయే.

మైదానం వెలుపల మంట

రెండవ మూలం జాకర్తా వీధుల్లో పుట్టింది. దానికి కొరియాతో సంబంధమే లేదు. ఆతిథ్య దేశమైన ఇండోనేషియా రాజకీయ కారణాలతో ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు వీసాలు ఇవ్వలేదు. అందరినీ రానివ్వని క్రీడలను ఆసియా క్రీడలు అని పిలవడం తగదని ఆసియా క్రీడా సమాఖ్యలో ప్రముఖుడైన మన దేశీయుడు జి.డి. సోంధీ అభ్యంతరం చెప్పారు. నియమం ప్రకారం ఆ మాటలో తప్పు లేదు. కాని ఎంతో ఖర్చుతో, ఎంతో గర్వంతో క్రీడలు జరుపుకొంటున్న ఇండోనేషియా ప్రజలకు అది తమ దేశానికి జరిగిన అవమానంగా తోచింది. సెప్టెంబరు 3న జాకర్తాలోని భారత రాయబార కార్యాలయం మీద జనం దాడి చేశారు. ఫైనల్ సెప్టెంబరు 4న.

ఆ దినాలను ఆటగాళ్లు తరువాత ఎన్నోసార్లు చెప్పుకొన్నారు. బస్సులో వెళ్లేటప్పుడు తలపాగా చూచి జనం గుర్తుపడతారని జర్నైల్ సింగ్ సీటు కింద వంగి కూర్చోవలసి వచ్చిందట. ముందు రాత్రి నిద్రపట్టని ఆటగాళ్లకు రహీం ధైర్యం చెప్పి, నాకు మీరు కానుకగా స్వర్ణం ఇవ్వాలని కోరారట. అప్పటికే ఆయన క్యాన్సర్‌తో బాధపడుతున్నారు.

నూరువేల మంది ఎదుట

సెనయాన్ స్టేడియంలో సుమారు లక్ష మంది కూడారు. మన జట్టు బంతి తాకినప్పుడెల్లా గేలి. జనమంతా కొరియా పక్షం. అంత జనంలో మనవారికి ఉత్సాహమిచ్చిన గొంతులు కొన్నే. వాటిలో పాకిస్తాన్ హాకీ జట్టువారివి కూడ ఉన్నాయని మన ఆటగాళ్లు కృతజ్ఞతతో తలచుకొనేవారు. అదే క్రీడల హాకీ ఫైనల్‌లో వారు మనను ఓడించి స్వర్ణం గెలిచారు. హాకీలో బద్ధవిరోధులైనవారు ఫుట్‌బాల్‌లో మన పక్షాన అరిచారు. వైరం ద్వేషం కానవసరం లేదనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

జ్వరంతో అంతకుముందు ఆటలకు దూరమైన పీటర్ తంగరాజ్ గోల్ దగ్గర నిలిచాడు. ఆయన పుట్టినది హైదరాబాదులోనే. హైదరాబాదు పోలీసు జట్టులో పేరు తెచ్చుకొన్న యూసఫ్ ఖాన్, అమ్ముగూడ బలరాం కూడ ఆ పదకొండుగురిలో ఉన్నారు. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ మొదటి గోల్ చేశాడు. మూడు నిమిషాలు తిరగకముందే, 20వ నిమిషంలో, జర్నైల్ సింగ్ రెండవది చేశాడు. స్టేడియం ఒక్కసారిగా మూగపోయింది. ఆ తరువాత గంటకు పైగా కొరియా ఒత్తిడిని మన రక్షణ వరుస కాచుకొన్నది. 85వ నిమిషంలో కొరియా ఒక గోల్ చేయగలిగింది. అంతకుమించి తంగరాజ్ ఇవ్వలేదు. 2–1తో భారత్ గెలిచింది.

పది దినాల క్రితం ఓడించినవారినే ఓడించి, తమను గేలిచేసిన లక్ష మంది ఎదుట స్వర్ణం అందుకొన్నారు. ఆ రోజుకు వైరపు మూడు మూలాలూ పూర్తిగా కుదిరాయి. పాత ఓటమి ఉన్నది, మైదానం వెలుపలి మంట ఉన్నది, తలకు కట్టుతో గోల్ చేసిన వీరుడున్నాడు. బ్రెజిల్, ఉరుగ్వేల వలె, అర్జెంటీనా, ఇంగ్లండుల వలె భారత్, కొరియాల వైరం కూడ తరతరాలు సాగవలసింది.

ఎందుకు సాగలేదు?

తరువాతి కథ క్లుప్తమైనది, విచారకరమైనది. రహీం 1963 జూన్ 11న కన్నుమూశారు. ఆయనకు అదే చివరి విజయం. బలరాం కూడ అదే ఏడాది ఛాతీ వ్యాధి కారణంగా, ముప్పై ఏళ్లైనా నిండకముందే, ఆట విరమించవలసి వచ్చింది. 1964 ఆసియా కప్‌లో భారత్ రెండవ స్థానంలో నిలిచింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో హైదరాబాదువాడే అయిన సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వంలో కాంస్యం గెలిచింది. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన పురుషుల జట్టు పతకం గెలవలేదు.

కొరియా దారి వేరు. 1983లో అక్కడ వృత్తి ఆటగాళ్ల లీగ్ మొదలైంది. 1986 నుండి 2022 దాకా జరిగిన ప్రతి ప్రపంచ కప్‌లోను ఆ జట్టు ఆడింది. 2002లో తన గడ్డపై సెమీఫైనల్ చేరింది. మన జట్టు ఆ కాలంలో ఒక్క ప్రపంచ కప్‌లోనైనా ఆడలేదు. విదేశాల్లో ఆట తొంభై నిమిషాలు సాగుతుంటే, మన దేశపు పోటీల్లో చాలాకాలం అంతకంటె తక్కువ సమయమే ఆడేవారు. శక్తి, వేగం, క్రమబద్ధమైన శిక్షణ ప్రధానమైన కొత్త ఆటకు మనవారు ఆలస్యంగా మేల్కొన్నారు. రహీం వంటి గురువు వెళ్లిపోయాక ఆ పనిని భుజాన వేసుకొన్న వ్యవస్థ లేకపోయింది. ఒక్క మనిషి మీద కట్టిన ఇల్లు ఆ మనిషితోనే కూలుతుంది.

2011 జనవరిలో దోహాలో జరిగిన ఆసియా కప్‌లో భారత్, కొరియా మళ్లీ ఎదురైనాయి. కొరియా 4–1తో గెలిచింది. సునీల్ ఛేత్రి పెనాల్టీతో ఒక గోల్ చేశాడు. గోల్‌కీపర్ సుబ్రతా పాల్ ఎన్నో బంతులు ఆపాడని అందరూ మెచ్చుకొన్నారు. నాలుగు గోల్స్ తేడా కాకుండ మూడింటితో పోయిందని మనవారు తృప్తిపడ్డారు. సరిగ్గా ఇక్కడే వైరం చచ్చిందని తెలుసుకోవాలి. 1962లో 0–2తో ఓడినప్పుడు మనవారికి నిద్రపట్టలేదు. 2011లో 1–4తో ఓడినప్పుడు మనకు ఉపశమనం కలిగింది. ఓటమి వైరాన్ని చంపదు. బ్రెజిల్ 1950లో ఓడింది గనుకనే వారి కథ బ్రదికింది. ఓటమి బాధించడం మానినప్పుడే వైరం పోతుంది.

అభిమానుల బాధ్యత

కొందరు పాఠకులు అడగవచ్చు, వైరం పోతే మంచిదే కదా అని. జాకర్తాలో రాయబార కార్యాలయం మీద పడిన రాళ్లు చూచినా, బార్బోసా జీవితం చూచినా ఆ సందేహం సహేతుకమే. ఒక్క పొరపాటుకు ఒక మనిషిని యాభై ఏళ్లు దోషిగా నిలపడం అభిమానం కాదు. అయితే ఆ రాళ్లు ఫుట్‌బాల్ వల్ల పడలేదు, రాజకీయం వల్ల పడ్డాయి. మైదానంలో ఉన్న వైరం ఇరవై ఇద్దరు యువకులను తమ శక్తికి మించి ఆడించింది, అంతే. ఓడిన కొరియావారు నేర్చుకొన్నారు. గెలిచిన మనం నిద్రపోయాం.

మరడోనా 2020లో, పేలే 2022లో చనిపోయినప్పుడు ప్రపంచమంతా కన్నీరు పెట్టింది. మన ఊళ్లలో కూడ అభిమానులు బొమ్మలు పెట్టి దండలు వేశారు. అదే 2020లో పి.కె. బెనర్జీ మార్చి 20న, చునీ గోస్వామి ఏప్రిల్ 30న మరణించారు. బలరాం 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో కన్నుమూశారు. ఆ త్రయంలో చివరివాడు ఆయనే. ఆ వార్త తెలుగువారి ఎన్ని ఇళ్లలో మాటకు వచ్చి ఉంటుంది? 2024లో రహీం జీవితంపై ‘మైదాన్’ అనే హిందీ చిత్రం వచ్చాక గాని ఆయన పేరు ఎరుగనివారు తెలుగునాట కూడ ఎందరో ఉన్నారు.

పేలే, మరడోనాల గురించి వాదించడంలో తప్పు లేదు. ఆ వాదన ఉన్నంతకాలం ఆట బ్రదికి ఉంటుంది. కాని వచ్చే ప్రపంచ కప్ రాత్రి బ్రెజిల్ పక్షం, అర్జెంటీనా పక్షం కూర్చున్నప్పుడు, విరామ సమయంలో ఇంటిలోని పిల్లలకు జాకర్తా కథ కూడ ఒకసారి చెప్పవలెను. పాత బూట్ల తోలుతో మొదలుపెట్టిన అమ్ముగూడ కుర్రవాడి కథ, కానుకగా స్వర్ణం అడిగిన బడిపంతులు కథ చెప్పవలెను. మనకూ ఒకనాడు సమవుజ్జీ ఉండేవాడని తెలిసిన పిల్లవాడే మళ్లీ ఆ సమవుజ్జీని వెదుక్కొంటూ మైదానానికి వెళ్తాడు.